డ్రాయింగ్ సార్‌కు పద్నాలుగు రోజుల శిక్షణ

2023 జనవరి. ఉప్పల్‌కు దగ్గర్లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అప్పటికి నేను పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మొదటి పద్నాలుగేళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. తర్వాత అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే విభాగాన్ని నాకు అప్పగించారు. నాచారంలో మా అపార్ట్‌మెంటు వాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు, "పాఠాలు చెప్పేవాళ్ళకు మళ్ళీ పాఠాలేంటండీ?" అని. ఇస్త్రీ పెట్టెకు ఇస్త్రీ చేస్తున్నట్టు చూస్తారు నన్ను.

సంగతేమిటంటే, ఇంజినీరింగ్ కాలేజీలో చేరే అధ్యాపకుడికి సబ్జెక్టు తెలుసా లేదా అని చూస్తారు గానీ, చెప్పడం వచ్చా అని ఎవరూ చూడరు. బడిపంతులుకు బీఎడ్ ఉంది. మాకు అలాంటిదేమీ లేదు. ఆ లోటు పూడ్చడానికి సెమిస్టర్‌కూ సెమిస్టర్‌కూ మధ్య రెండు వారాలు ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం అని పెడతాం. అందరూ ఎఫ్‌డీపీ అంటారు. పాఠాన్ని ఎలా విడగొట్టుకోవాలి, ప్రశ్న ఎలా అడగాలి, పేపరు ఎలా తయారుచెయ్యాలి, ఇవన్నీ అందులో ఉంటాయి.

ఎఫ్‌డీపీకి వచ్చేవాళ్ళు మూడు రకాలు. ప్రమోషన్‌కు సర్టిఫికెట్ కావలసినవాళ్ళు ఒక రకం. నిజంగా నేర్చుకుందామని వచ్చేవాళ్ళు రెండో రకం, వీళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మూడో రకం, పంపితే వచ్చినవాళ్ళు. విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌లో తక్కువ వచ్చినవాళ్ళన్నమాట. వీళ్ళు తలుపుకు దగ్గరగా, వెనక వరుసలో కూర్చుంటారు. టీ విరామంలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వరండా చివరికి వెళ్ళిపోతారు. ఎవరూ పలకరించకుండా ఉండటమే వాళ్ళకు కావలసింది.

రాజలింగం గారు మూడో రకం. కానీ మొదటి వరుసలో కూర్చున్నారు.

ఆయనకు యాభై ఒకటి. డిప్లొమా అయ్యాక నాచారం పారిశ్రామిక వాడలో ఒక టూల్ రూంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. అంటే యంత్ర భాగాల బొమ్మలు కొలతలతో సహా గీసే పని. ఆ ఉద్యోగం చేస్తూనే సాయంత్రం కాలేజీలో ఇంజినీరింగ్, తర్వాత ఎంటెక్ చదివి బోధనలోకి వచ్చారు. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నది ఒకటే, ఫస్టియర్ పిల్లలకు ఇంజినీరింగ్ డ్రాయింగ్. నాగారం నుంచి స్కూటరు మీద వచ్చేవారు. పీహెచ్‌డీ లేదు కాబట్టి మూడేళ్ళకోసారి కాంట్రాక్టు పొడిగించాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ మూడేళ్ళూ పూర్తవుతాయి.

ఆయన్ని ఎందుకు పంపారో చెప్పాలంటే ఫీడ్‌బ్యాక్ సంగతి కొంచెం చెప్పాలి. అంతకుముందు కాగితం ఫారాలు ఉండేవి. పన్నెండు ప్రశ్నలు, 'బాగుంది', 'పరవాలేదు' లాంటి జవాబులు. పిల్లలు నింపేవాళ్ళు, మేము కట్టలు కట్టి బీరువాలో పెట్టేవాళ్ళం. వాటిని కూడి సగటు తీసిన పాపాన ఎవరూ పోలేదు. ఆ ఏడాది మా డీన్ గారు దాన్ని ఫోన్‌లోకి మార్చారు. పన్నెండు ప్రశ్నలుంటే పిల్లలు నింపరని ఒక్క ప్రశ్నకు కుదించారు. సెక్షన్‌కు చెప్పే ఐదుగురు అధ్యాపకుల పేర్లు ఉంటాయి. ఒక్కొక్క పేరు పక్కన ఒకటి నుంచి ఐదు వరకు ఏదో ఒక అంకె వెయ్యాలి. కింద, ఏమైనా రాయదలుచుకుంటే రాయడానికి ఒక పెట్టె. చివరి విద్యార్థి బటన్ నొక్కిన మరుక్షణం సగటులన్నీ డీన్ గారి తెర మీదికి వచ్చేస్తాయి.

రాజలింగం గారికి ఐదుకు ఒకటిన్నర కూడా రాలేదు. అంత తక్కువ యూనివర్సిటీ మొత్తంలో ఎవరికీ రాలేదు.

వెంటనే కబురు వచ్చింది. శిక్షణకు పంపాలి, ఆ తర్వాత రెండు నెలలు చూడాలి, చివర్లో నేను క్లాసుకు వెళ్ళి చూసి నివేదిక ఇవ్వాలి. నివేదికలో మార్పు లేదని ఉంటే కాంట్రాక్టు పొడిగించరు. ఈ సంగతి ఆయనకు లిఖితపూర్వకంగానే చెప్పారు.

మొదటి రోజు టీ విరామంలో ఆయన నా గదికి వచ్చారు. రెండు వందల పేజీల కొత్త నోటుబుక్కు చేతిలో ఉంది.

"మేడమ్, నేనేం తప్పు జేస్తున్ననో జర ముందుగాల చెప్పున్రి. పద్నాలుగు రోజులు గదొక్కటే పట్టుకోని నేర్సుకుంట."

"తప్పని కాదండీ. ఇంకా మెరుగుపరుచుకోవడం, అంతే," అన్నాను.

"మెరుగు జేస్కోవాలన్నా యాడ గరుకున్నదో ఎరుకుండాలె గద మేడమ్."

న్యాయమైన మాట. నాకు వచ్చిన కాగితంలో ఒక పేరు, ఒక సగటు తప్ప ఇంకేమీ లేవు. "ముందు ముందు మీకే తెలుస్తుంది" అని పంపేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న నేర్పుల్లో ఇదొకటి, జవాబు తెలియనప్పుడు పెద్దమనిషిలా మాట్లాడటం.

నాలుగో రోజు మైక్రో టీచింగ్. ఒక అధ్యాపకుడు పది నిమిషాలు పాఠం చెప్తాడు. తోటి అధ్యాపకులు విద్యార్థుల్లా కూర్చుని వింటారు. అయ్యాక లోపాలు చెప్తారు. ఈ చెప్పడంలో మాకొక ఆచారం ఉంది. ముందు 'ఎక్సలెంట్ సార్' అనాలి, తర్వాత 'టైం మేనేజ్‌మెంట్ కొంచెం చూసుకోండి' అనాలి. ఎందుకంటే రేపు మన వంతు వస్తుంది.

రాజలింగం గారు తమ వంతుకు గుడ్డ సంచిలోంచి ఒక పెద్ద ముల్లంగి, ఒక చాకు తీసి బల్ల మీద పెట్టారు. చాకు చూసి ముందు వరుసలో ఒకావిడ కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"గిది శంకువు అనుకోన్రి. అడ్డంగ కోస్తే ఏమొస్తది? గుండ్రం. జర వాలుగ కోస్తే?" అని కోసి, ఆ ముక్కను అందరికీ చూపించారు. కోడిగుడ్డు ఆకారం వచ్చింది. "సార్, మీరొచ్చి కోయున్రి" అని ముందున్న ఒకాయనకు చాకు ఇవ్వబోయారు.

నేను ఆపేశాను. నా చేతిలో ఒక పట్టిక ఉంది. 'సాంకేతికత వినియోగం' అనే గడిలో సున్నా తప్ప వెయ్యడానికి ఏమీ కనబడలేదు. తక్కువ వచ్చిన మనిషి ఇలాగే చెప్తాడు కాబోలు అని ముందే అనుకుని కూర్చున్నాను కూడా.

"సార్, ఇది స్కూల్లో సైన్స్ ఫెయిర్‌లా ఉంది. మీ ముందున్నది ఇంజినీరింగ్ విద్యార్థులు. త్రీడీ యానిమేషన్లు బోలెడున్నాయి," అన్నాను.

"ముక్కలు పారెయ్యకండి సార్, సాంబార్లోకి పనికొస్తాయి," అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన కూడా కొంచెం నవ్వి, ముక్కలన్నీ న్యూస్‌పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళి కూర్చున్నారు. నోటుబుక్కులో ఏదో రాసుకున్నారు.

ఆరో రోజు బయటినుంచి రావలసిన వక్త రాలేదు. ఆ పూట మా యూనివర్సిటీలోనే ఒక అధ్యాపకుణ్ణి మాట్లాడమన్నాం. పేరు అనవసరం, డాక్టర్ గారు అందాం. రాజలింగం గారు చెప్పే సెక్షన్‌కే ఆయన మరో సబ్జెక్టు చెప్తారు. కొత్త ఫీడ్‌బ్యాక్‌లో ఆయనకు దాదాపు ఐదుకు ఐదు వచ్చింది. ఉత్తమ అధ్యాపకుడని షీల్డు కూడా ఇచ్చారు. 'విద్యార్థి మనసు గెలవడం ఎలా' అన్నది ఆయన అంశం. తొంభై నిమిషాలు స్లైడ్ల మీద ఉన్నది ఉన్నట్టు చదివారు. ముగ్గురు నిద్రపోయారు. నాకూ కళ్ళు మూతలు పడ్డాయి. అయినా ఆయన సెషన్‌కు నేనే 'ఎక్సలెంట్' అని రాశాను. అంత స్కోరు వచ్చిన మనిషి చెప్పేది నాకు ఎక్కలేదంటే లోపం నాదే అనుకున్నాను. రాజలింగం గారు మాత్రం నాలుగు పేజీల నోట్సు రాసుకున్నారు.

పదో రోజుకు ఆయన స్లైడ్లు చెయ్యడం నేర్చుకున్నారు. పన్నెండో రోజుకు శంకువు తెర మీద తనంతట తానే తిరుగుతూ తెగిపోయేలా చేశారు. చప్పట్లు కొట్టాం. గ్రూప్ ఫొటో దిగాం. సర్టిఫికెట్ ఇస్తూ "మీలో చాలా మార్పు వచ్చింది సార్" అన్నాను. "మీ దయ మేడమ్" అన్నారు. సంతోషంగా ఇంటికి వెళ్ళాను. నిజంగా ఒక మనిషిని బాగుచేశానని అనుకున్నాను.

మార్చి చివర్లో ఆయన క్లాసు చూడటానికి వెళ్ళాను. మూడో అంతస్తులో డ్రాయింగ్ హాలు, అదే సెక్షన్, అరవై మంది పిల్లలు. చివరి బల్ల దగ్గర కూర్చున్నాను.

ఆయన మేము నేర్పినవన్నీ చేశారు. మొదట ఈ రోజు లక్ష్యాలు చదివి వినిపించారు. పది నిమిషాలకోసారి "పక్కోళ్ళతోటి చర్చ జెయ్యున్రి" అన్నారు. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఐదు సెకన్లు ఆగాలని మేము చెప్పాం. ఆయన ఆగారు. ఆగినప్పుడు పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటున్నారు. గంటసేపు ముఖం తెర వైపే ఉంది. పిల్లలు మర్యాదగా కూర్చున్నారు. ఎవరూ అల్లరి చెయ్యలేదు, ఎవరూ ఏమీ అడగనూ లేదు. నా పట్టికలో వేస్తే అన్ని గడుల్లోనూ నిండు మార్కులే. కానీ కెమిస్ట్రీ చెప్పిన పద్నాలుగేళ్ళ అనుభవం ఇంకా కొంచెం మిగిలి ఉంది నాలో. అది చచ్చిన క్లాసు అని తెలుస్తూనే ఉంది.

మెట్లు దిగుతుంటే ఒకమ్మాయి వెనకాలే వచ్చింది. శ్రావణి, ఆ సెక్షన్‌కు క్లాస్ రిప్రజెంటేటివ్.

"మేడమ్, సార్లకు ట్రైనింగ్ ఇచ్చే మేడమ్ మీరే గదా?"

"అవునమ్మా."

"మా డ్రాయింగ్ సార్‌ను ఏం జేసిన్రు మేడమ్?"

నాకు అర్థం కాలేదు. "ఏం చేశాం?"

"ఫస్ట్ సెమ్ల మస్తు చెప్తుండె మేడమ్. కూరగాయలు తెచ్చి కోసి చూపిస్తుండె. మాతోటే కోపిస్తుండె. బొమ్మ తప్పు గీస్తే పక్కన కూసోని మళ్ళ గీపిస్తుండె. సెలవులైనంక వచ్చి ఇగ అంతా స్క్రీన్ మీదనే. మా దిక్కు చూస్తనే లేరు. మా మీద కోపమొచ్చిందా అని అందరికి టెన్షన్ అయితుంది."

నాకు చిరాకు వేసింది. "అంత బాగా చెప్పేవారైతే ఫీడ్‌బ్యాక్‌లో అందరూ ఒకట్లు ఎందుకు వేశారమ్మా?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "ఒకటే గద మేడమ్ ఏసేది? ఫస్ట్ ర్యాంకు."

"ఏ ర్యాంకు?"

"అయిదుగురు సార్లున్నరు, ఒకటి నుంచి అయిదు దాంక అంకెలున్నయి. ఎవరికి ఏ ర్యాంకో అడుగుతున్నరనుకున్నం. క్లాసుల అందరు నన్నడిగిన్రు. నేనే చెప్పిన, మనకు ఎవరు ఫస్టో వాళ్ళకు ఒకటి ఏయున్రి అని. దాదాపు అందరం డ్రాయింగ్ సార్‌కే ఏసినం." అని ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "తప్పయిందా మేడమ్?"

ఐదో ర్యాంకు ఎవరికిచ్చారని నేను అడగలేదు. షీల్డు ఎవరి బల్ల మీద ఉందో నాకు తెలుసు.

పిల్లల్ని తప్పుపట్టలేం. ఇంటర్మీడియట్ రెండేళ్ళు ప్రతి సోమవారం గోడ మీద అంటించే ర్యాంకుల కాగితం చూసుకుంటూ పెరిగినవాళ్ళు. ఎంసెట్లో ఒకటో ర్యాంకు వచ్చినవాడి ఫొటో బస్సుల వెనక కూడా కనిపిస్తుంది. అంకె పెరిగేకొద్దీ మనిషి విలువ తగ్గుతుందని వాళ్ళకు మనమే నేర్పాం. ఐదు అంటే గొప్ప, ఒకటి అంటే అధ్వానం అని చెప్పే వాక్యం ఫారం మొదటి పేజీలో ఉంది. అంకెలు వేసే పేజీకి వచ్చేసరికి అది కనబడదు. మిగతా సెక్షన్లలో ఎవరో ఒక లెక్చరర్ దగ్గరుండి చెప్పారట. ఈ సెక్షన్లో ఎవరూ చెప్పలేదు.

గదికి వెళ్ళి ఆ సెక్షన్ ఫలితాలు పూర్తిగా తెరిచాను. సగటు కాదు, ఒక్కొక్క విద్యార్థి వేసిన వరుస. అరవై వరుసలు. ప్రతి వరుసలోనూ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు ఒక్కొక్కసారే ఉన్నాయి. ఏ అంకె కూడా రెండుసార్లు రాలేదు. చూసిన ఎవరికైనా ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది ఇవి ర్యాంకులని. ఎవరూ చూడలేదు, అంతే. నేనూ చూడలేదు.

తర్వాత కింద పెట్టెలో పిల్లలు రాసింది చదివాను. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. 'డ్రాయింగ్ అంటే భయం పోయింది.' 'బెస్ట్ సార్.' 'నెక్స్ట్ సెమ్‌కు కూడా ఈ సార్‌నే ఇవ్వండి ప్లీజ్.' ఒకరు ముల్లంగి బొమ్మ పెట్టారు. మూడు నెలలకు పైగా అవి నా కంప్యూటర్లోనే ఉన్నాయి. ఆయన మొదటి రోజు వచ్చి ఏం తప్పు చేస్తున్నానో చెప్పమని అడిగినప్పుడు కూడా ఉన్నాయి. నాకు తలకొట్టేసినట్టయింది. రోగం లేని మనిషికి నేను పద్నాలుగు రోజులు మందు తాగించాను. ఆ మందుతో రోగం తెప్పించాను.

మర్నాడు డీన్ గారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. ముందు నమ్మలేదు, వరుసలు చూపిస్తే నమ్మారు. కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మేడమ్, ఇప్పుడిది కదిపితే ఏమవుతుందో ఆలోచించండి. కొత్త ఫారం నాది. షీల్డు వైస్ ఛాన్స్‌లర్ గారి చేతుల మీద ఇప్పించాం. డాక్టర్ గారి పరువు కూడా చూడాలి కదా. పాము చావాలి, కర్ర విరగకూడదు. మీరొక పని చెయ్యండి. శిక్షణ వల్ల రాజలింగం గారిలో గణనీయమైన మెరుగుదల కనిపించింది అని రాయండి. ఆయన ఉద్యోగం ఉంటుంది. మీ ప్రోగ్రాంకు పేరొస్తుంది. వచ్చే ఏడాది ఫారం నేను సరిచేస్తాను. ఎవరికి నష్టం?"

ఎవరికీ నష్టం లేదనే నాకూ అనిపించింది. దాచడమెందుకు, ఆ సలహా నాకు నచ్చింది. మా శిక్షణల వల్ల ఏం ఒరిగిందో చూపించమని పైనుంచి ఎప్పుడూ అడుగుతుంటారు. చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ మధ్యాహ్నమే ఒక పేజీ నివేదిక రాశాను. బాగా కుదిరింది.

మా పద్ధతి ప్రకారం నివేదిక మీద శిక్షణ పొందినవాళ్ళ సంతకం కూడా ఉండాలి. రాజలింగం గారిని పిలిచి జరిగిందంతా చెప్పాను.

"పిల్లలు ఫస్ట్ ర్యాంకు ఇచ్చిన్రా మేడమ్?"

"అవును సార్."

"నాకా?"

"మీకే."

చేతిరుమాలు లేదు, చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నివేదిక తీసుకుని మెల్లగా, వేలు పెట్టి వాక్యం వాక్యం చదివారు. పెన్ను బల్ల మీద పెట్టేశారు.

"ఇండ్ల ఏమున్నది మేడమ్? నాకు చెప్పొస్తలేకుండె, మీరు నేర్పితె వచ్చింది అని ఉన్నది. పిల్లలు చెప్పిన మాట యాడ వాయె?"

"సార్, దీంతో మీ కాంట్రాక్టు పొడిగిస్తారు. నిజం రాస్తే కమిటీలో ఎవరు ఎలా తీసుకుంటారో నేను చెప్పలేను. డీన్ గారికి ఇష్టం లేదు. వాళ్ళ దగ్గర రికార్డులో ఉన్నది మీ పాత స్కోరు ఒక్కటే."

"ఎరుకే మేడమ్. యాభై దాటినంక, పీహెచ్‌డీ లేనోన్ని ఎవరు తీస్కుంటరు? ఇంట్ల గిదే భయం రెండు నెలలకెల్లి." నివేదికను నా వైపు జరిపారు. "కొలత తప్పుంటె బొమ్మ మొత్తం తప్పు అని రోజు పిల్లలకు చెప్తున్న. నేనే తప్పు కొలత మీద సంతకం పెడితె ఎట్ల? పొడిగియ్యకుంటె మానె. నేను పెట్ట."

ఆయన వెళ్ళిపోయాక ఆ కాగితం చాలాసేపు నా ముందే ఉంది. కోపం వచ్చింది నాకు, మొండి మనిషి అని. ఉద్యోగం పోయేది ఆయనది, సుఖంగా కూర్చున్నది నేను, అయినా కోపం నాకే. అది కోపం కాదని, సిగ్గని ఒప్పుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది.

మళ్ళీ రాశాను. ఈసారి రెండు పేజీలు. అరవై వరుసలు జత చేశాను, పిల్లల మాటలన్నీ జత చేశాను. రాజలింగం గారికి శిక్షణ అవసరమే లేదని, శిక్షణ వల్ల ఆయన బోధన దెబ్బతిన్నదని, మైక్రో టీచింగ్‌లో ఆయన పద్ధతిని ఆపించింది నేనేనని రాశాను. ఆయన చదివి, తేదీ వేసి, సంతకం పెట్టారు. డీన్ గారికి ముందుగా ఒక ప్రతి ఇచ్చాను. "మీ ఇష్టం" అన్నారు. ఆ వేసవి అంతా నాతో పనికి మించి మాట్లాడలేదు.

కమిటీ కూర్చున్న రోజు నన్ను బయట కూర్చోబెట్టారు. లోపల ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో నేను రాసింది తప్పేమో అని పదిసార్లు అనుకున్నాను. ఒక అబద్ధంతో నిలబడే ఉద్యోగాన్ని నా నిజంతో కూల్చేశానేమో అని భయపడ్డాను. తలుపు తీసుకుని ముందు వచ్చిన పెద్దాయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "ఫస్ట్ ర్యాంకు ఇస్తే పనిష్మెంటా అమ్మా!" అన్నారు. మూడేళ్ళు పొడిగించారు. ఫారంలో అంకెలు తీసేసి మళ్ళీ మాటలు పెట్టారు. షీల్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అది నా ధైర్యానికి హద్దు.

ఆ తర్వాత నా పని తీరు కొంత మారింది. తక్కువ వచ్చిందని ఎవరి పేరైనా వస్తే, శిక్షణ మొదలుపెట్టకముందే వెళ్ళి వాళ్ళ క్లాసులో కూర్చుంటున్నాను. పిల్లలు రాసింది చదివాకే సగటు చూస్తున్నాను. ఇవి పెద్ద సంగతులేమీ కావు, మొదటి నుంచీ చెయ్యాల్సినవే. ఈ కేసు నాకు నేర్పింది ఇదే అని చాలా రోజులు అనుకున్నాను.

క్షమించమని అడగటానికి మాత్రం చాలా ఆలస్యంగా వెళ్ళాను. ఆగస్టులో, కొత్త ఏడాది క్లాసులు మొదలయ్యాక. ఆయన డ్రాయింగ్ హాల్లో ఒక్కరే బల్లలు సర్దుకుంటున్నారు. మిమ్మల్ని ఊరికే బాధపెట్టాను సార్ అన్నాను.

"ఊరికెనే పోలేదు మేడమ్," అన్నారాయన, బల్ల జరుపుతూనే. "గా రెండు నెలలు పొద్దుగాల క్లాసుకు పోవాలంటె స్కూటరు తియ్యబుద్ధి గాకపోయేది. మెట్లెక్కుతుంటె నడుమల్నే ఆగిపోయేటోన్ని. లోపట ఎవరన్న నవ్వితె నన్ను జూసే నవ్విన్రనిపిచ్చేది. అన్ని జేస్తున్న, కని ఏది చేసినా తప్పే అయితదేమో అని భయం. ఒకరోజు గట్లనే మెట్ల మీద నిలవడితె యాదికొచ్చింది. నా క్లాసుల ఎనక బల్లకు కూసునే పోరగాండ్లు గీ ముఖమే ఏస్కోని వస్తరు. ఇరవై రెండేండ్ల సంది చూస్తున్న గా ముఖాలు. బద్ధకం అనుకున్న. తిట్టిన గూడ. గది భయమని నాకు ఎరుకనే లేకుండె మేడమ్."

కెమిస్ట్రీ చెప్పిన పద్నాలుగేళ్ళలో నేను బద్ధకమనుకున్న ముఖాలు నా కళ్ళముందు ఒక్కొక్కటే వచ్చాయి. కొందరి పేర్లు కూడా గుర్తున్నాయి.

గంట మోగింది. కొత్త బ్యాచ్ పిల్లలు తలుపు దగ్గర గుంపుగా నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నారు. ఆయన వాళ్ళ వైపు తిరిగి, "రాన్రి బిడ్డా, ఎనకకు పోకున్రి, ఈడ ముంగట జాగా ఉన్నది" అని పిలిచారు.